చవక చైన్‌సాతో ఇంటి కలప కోత: ఖమ్మం, భద్రాచలం అడవి అంచున

గాలివానకు పొలం గట్టున వేపచెట్టు కూలితే, దాన్ని సామిల్లు దాకా చేర్చడమే రైతుకు పెద్ద పని. మూడు మీటర్ల పొడవు, అర మీటరు అడ్డం ఉన్న పచ్చి దుంగ 500 నుంచి 600 కిలోలు తూగుతుంది. దాన్ని ట్రాక్టర్‌లోకి ఎక్కించాలంటే ఐదారుగురు మనుషులో ఒక జేసీబీనో కావాలి. ఆపైన కొత్తగూడెం దాకానో పాల్వంచ దాకానో బాడుగ, మిల్లులో కోత కూలి, తిరుగు బాడుగ. అదే దుంగను పడిన చోటే చెక్కలుగా కోసుకుంటే ఒక్కో చెక్కను ఒక మనిషి భుజాన వేసుకుని ఇంటికి తెచ్చుకోగలడు. చేత్తో పట్టుకునే పెట్రోలు చైన్‌సాకు ఇనుప చట్రం బిగించి, దుంగను నిలువునా కోసి చెక్కలు, దూలాలు తీసే ఈ పద్ధతిని చైన్‌సా మిల్లింగ్ అంటారు. పెద్ద కంపెనీల నమూనాలను చూసి చైనాలో తయారుచేసిన చవక యంత్రాలు, అంటే క్లోన్ చైన్‌సాలు, మార్కెట్లోకి వచ్చాక ఈ పని మామూలు రైతుకూ పల్లె వడ్రంగికీ అందుబాటులోకి వచ్చింది.

ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో చైన్‌సా ఇప్పటికే తెలిసిన పనిముట్టు. జామాయిల్, సుబాబుల్ తోటల కోతకు, ముసలి మామిడి తోటలు తీసి పామాయిల్ వేసేటప్పుడు చెట్లు కొట్టడానికి దాన్నే వాడుతున్నారు. చెట్టును అడ్డంగా కోసే ఆ యంత్రంతోనే నిలువు కోత కోయవచ్చు. కాకపోతే నిలువు కోత యంత్రం నుంచి, మనిషి నుంచి, చెట్టు నుంచి అడిగేవి వేరు. అడవి అంచున చట్టం అడిగేవి మరికొన్ని ఉన్నాయి.

గుంట రంపం నుంచి గొలుసు రంపం దాకా

మిల్లులు రాకముందు కలప కోత ఇద్దరు మనుషుల పని. గుంట తవ్వి, దాని మీద దుంగను అడ్డంగా పెట్టి, పైన ఒకరు, కింద ఒకరు నిలబడి పొడవాటి రంపాన్ని పైకీ కిందికీ లాగేవారు. పై మనిషి గీత చూసుకునేవాడు. కింది మనిషి తల మీద, కళ్లలో పొట్టు రాలేది. ఒక పెద్ద దుంగకు రోజులు పట్టేవి.

భద్రాచలం ప్రాంతపు కలపకు అప్పట్లో రోడ్డు గోదావరే. టేకు దుంగలను, వెదురును తెప్పలుగా కట్టి నది మీద రాజమండ్రికి పంపేవారు. భద్రాచలం 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో భాగంగా ఉండటంతో పాలనకైనా వ్యాపారానికైనా ఆ ప్రాంతం నది దిగువనే చూసేది. నదికి ఇవతల, నిజాం రాజ్యంలో, కలపను పెద్ద ఎత్తున మింగింది బొగ్గు గనులు. 1889లో ఇల్లెందు దగ్గర తవ్వకం మొదలైంది. భూగర్భ గనిలో పైకప్పు కూలకుండా నిలబెట్టే దన్నుకర్రలు చుట్టుపక్కల అడవి నుంచే వచ్చేవి.

గొలుసుతో తిరిగే రంపం యూరప్‌లో పుట్టింది. జర్మనీలో ఆండ్రియాస్ స్టిల్ 1926లో తెచ్చిన విద్యుత్ గొలుసు రంపం బరువు 48 కిలోలు. 1929లో వచ్చిన పెట్రోలు రంపానికీ ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. దాదాపు 12 కిలోల బరువుతో ఒక్క మనిషి సులువుగా మోయగల ‘కాంట్రా’ నమూనా 1959లో వచ్చింది. ఈలోగా గొలుసు పళ్ల రూపమే మారిపోయింది. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో కలప కూలీగా పనిచేసిన జోసెఫ్ బుఫోర్డ్ కాక్స్ 1946లో ఒక మొద్దును తొలిచే పురుగును గమనించాడు. దాని దవడలు కుడికీ ఎడమకీ మార్చి మార్చి కొరుకుతూ, నిలువు పీచునైనా అడ్డపు పీచునైనా ఒకే తీరుగా తొలుస్తున్నాయి. ఆ ఏర్పాటునే ఉక్కులో తయారుచేసి 1947లో అమ్మకానికి పెట్టాడు. ఇవాళ ప్రపంచంలో వాడే చైన్‌సా గొలుసులన్నిటికీ దాదాపుగా అదే మూలం.

దుంగను చెక్కలుగా కోయడానికి చైన్‌సాకు బిగించే చట్రాన్ని కాలిఫోర్నియాకు చెందిన గ్రాన్‌బర్గ్ సంస్థ ‘అలాస్కన్ మిల్’ పేరుతో ప్రచారంలోకి తెచ్చింది. అడవిలోనే ఇల్లు కట్టుకునే ఉత్తర అమెరికా జనం దాన్ని విస్తారంగా వాడారు. కెనడాకు చెందిన విల్ మలాఫ్ 1982లో ఈ పని మీద ఒక పూర్తి పుస్తకమే రాశాడు. ఆ చట్రం చాలా సాదా సరుకు: రెండు నిలువు కమ్మీలు, వాటి మీద పైకీ కిందికీ జరిగే అడ్డ పట్టీలు, గొలుసు చుట్టూ తిరిగే పొడవాటి ఉక్కు పలకను, అంటే బార్‌ను, రెండు చివరలా పట్టుకునే బిగింపులు. కొలత ఇస్తే పల్లె వెల్డింగ్ షాపులో కూడా చేసిస్తారు.

క్లోన్ అంటే ఏది

పేటెంటు గడువు సాధారణంగా 20 ఏళ్లు. అది తీరాక ఒక యంత్రపు నిర్మాణాన్ని ఎవరైనా తయారుచేసి అమ్ముకోవచ్చు. స్టిల్ కంపెనీ 066, ఎంఎస్ 660 నమూనాలు ఇలాగే క్లోన్లకు మాతృక అయ్యాయి. వాటి ఇంజన్ 54 మిల్లీమీటర్ల సిలిండరుతో దాదాపు 92 సీసీ. చైనాకు చెందిన ఫార్మర్‌టెక్ ‘హోల్జ్‌ఫోర్మా జీ660’ పేరుతో అమ్మేది దాదాపు అదే కొలతల్లో ఉంటుంది. ఒకదాని విడిభాగాలు చాలావరకు మరొకదానికి సరిపోతాయి. హస్క్‌వర్నా 372 ఎక్స్‌పీకి, 395 ఎక్స్‌పీకి కూడా ఇలాంటి జోడీలున్నాయి. అసలు యంత్రం ధరలో మూడో వంతుకో నాలుగో వంతుకో ఇవి దొరుకుతాయి. విడిభాగాల పెట్టెగా కొని సొంతంగా బిగించుకునేవారూ ఉన్నారు.

మన ఊళ్లలో ఎక్కువగా కనిపించేది ఇంకో రకం. ‘58 సీసీ’ అని రాసి, 22 అంగుళాల బార్‌తో, రకరకాల పేర్లతో ఆన్‌లైన్‌లోనూ వ్యవసాయ పనిముట్ల దుకాణాల్లోనూ కొన్ని వేల రూపాయలకే అమ్మే యంత్రం. జామాయిల్ కొట్టడానికి, కట్టెలు కోయడానికి ఇది చాలు. నిలువు కోతకు దీన్ని పూర్తి బార్‌తో దించితే మాత్రం ఇంజన్‌కు శక్తి చాలదు. 16 లేదా 18 అంగుళాల బార్ వేసి, అడుగు లోపు అడ్డం ఉన్న దుంగలకు పరిమితం చేస్తేనే నిలబడుతుంది. ఒకటిన్నర అడుగు దుంగకు కనీసం 70 సీసీ, రెండు అడుగులు దాటితే 90 సీసీ ఉండాలి.

క్లోన్‌ను నకిలీ సరుకుతో కలిపి చూడకూడదు. సొంత పేరుతో అమ్మేది క్లోన్. అసలు కంపెనీ పేరు, రంగు, ముద్ర వేసుకుని మోసంతో అమ్మేది నకిలీ. రెండోది మన దేశంలో 1999 నాటి ట్రేడ్‌మార్క్‌ల చట్టం కింద నేరం. కొనేవాడికి ఇంకో నష్టం కూడా ఉంది: నకిలీ యంత్రంలో గొలుసు బ్రేకు సరిగా పనిచేస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వరు.

నిలువు కోతలో జరిగేది

అడ్డకోతలో గొలుసు పీచును పక్క నుంచి తెంచుతుంది, కొన్ని సెకన్లలో పని అయిపోతుంది. చట్రంతో కోసేటప్పుడు పళ్లు పీచు చివరలను ఒక్కొక్కటిగా తెంచుతూ దుంగ పొడవంతా పోవాలి. ఎనిమిది అడుగుల దుంగలో ఒక్క కోతకే చాలా నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాలన్నీ ఇంజన్ పూర్తి వేగంతో, పూర్తి బరువు మీద నడుస్తుంది. చైన్‌సాకు ఇంతకంటే కఠినమైన పని లేదు. చవక యంత్రం లోపాలు కట్టెల కోతలో ఏళ్ల తరబడి దాగి ఉండవచ్చు, నిలువు కోతలో అవి ఒక్క పూటలో బయటపడతాయి.

గొలుసు కూడా మారాలి. దుకాణంలో దొరికే మామూలు గొలుసు పన్నును 30 డిగ్రీల వాలుతో నూరి ఉంచుతారు. నిలువు కోతకు 10 డిగ్రీలు మేలు, అప్పుడు కోత నునుపుగా వస్తుంది. ప్రత్యేక గొలుసు దొరకకపోతే మామూలు గొలుసునే నూరిన ప్రతిసారీ కాస్త కాస్తగా ఆ వాలుకు తెచ్చుకోవచ్చు. లింకుల కొలత 3/8 అంగుళం ఉన్న గొలుసుకు 5.5 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, 0.325 అంగుళం గొలుసుకు 4.8 మిల్లీమీటర్లది సరిపోతుంది. పన్ను ముందుండే చిన్న బుడిపె పన్ను అంచుకన్నా దాదాపు 0.65 మిల్లీమీటర్లు తక్కువ ఎత్తులో ఉండాలి. అంతకన్నా బాగా తగ్గిస్తే గొలుసు ఎక్కువ కొరికి ఇంజన్ ఆగిపోతుంది. పళ్లన్నీ ఒకే పొడవు లేకపోతే కోత ఒక పక్కకు వంపు తిరుగుతుంది. చట్రం ఎంత ఖరీదైనదైనా ఆ వంపును సరిచేయలేదు.

మొదటి కోతకు దుంగ మీద చదునైన తలం ఉండదు. అందుకే వంకర లేని నిచ్చెననో, రెండు ఇనుప పైపులనో దుంగ మీద బిగించి, చట్రాన్ని దాని మీద జరుపుతారు. ఆ తర్వాతి కోతలకు ముందు కోత తలమే దారి. కోత కొంచెం సాగాక వెనక నుంచి చిన్న చెక్క చీలికలు దిగ్గొట్టాలి, లేకపోతే పై చెక్క బరువుకు బార్ నొక్కుకుపోతుంది. బెరడు తీసి, మట్టి కడిగి మొదలుపెట్టడం తప్పనిసరి. దుంగను నేల మీద ఈడ్చుకొచ్చినప్పుడు బెరడులో ఇరుక్కున్న ఇసుక నూరిన గొలుసును నిమిషంలో మొద్దుబారుస్తుంది. గట్టు మీది చెట్లలో పాత కంచె తీగ, మేకులు ఉండటం మామూలే. వాటి చుట్టూ కలప నల్లగా మారి ఉంటుంది గనుక చివర కోతలో నల్ల మరక కనిపిస్తే జాగ్రత్తపడాలి.

పొట్టు లెక్క

చైన్‌సా కోత వెడల్పు 7 నుంచి 9 మిల్లీమీటర్లు. సామిల్లులోని బ్యాండ్ రంపానిది రెండు మూడు మిల్లీమీటర్లే. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని అంగుళం చెక్కలు తీసేటప్పుడు పెద్దదవుతుంది. 25 మిల్లీమీటర్ల చెక్కకు 8 మిల్లీమీటర్ల పొట్టు జత చేస్తే, కోసిన కలపలో 24 శాతం నేలపాలే. బ్యాండ్ రంపంతో అది 9 శాతం. రెండంగుళాల చెక్కకు చైన్‌సా వృథా 14 శాతానికి, నాలుగంగుళాల దూలానికి 7 శాతానికి తగ్గుతుంది.

ఈ లెక్కను బట్టి పని పంచుకోవాలి. దూలాలు, వాసాలు, ద్వారబంధాల కమ్ములు, మంచం కోళ్లు, పీటలు, బల్లల పైచెక్కల వంటి మందపు సరుకుకు చైన్‌సా తగినది. తలుపు పలకలకు, బీరువా చెక్కలకు కలప పలచగా కావాలంటే, దుంగను పొలంలో నాలుగు మందపు ముక్కలు చేసి, వాటిని మిల్లుకు పంపి చీల్పించడం లాభం. టేకు వంటి విలువైన కలపను చైన్‌సాతో అంగుళం చెక్కలు కోయడం చెట్టుకు అన్యాయం చేయడమే.

దుంగలో ఎంత కలప ఉందో ముందే తెలుసుకోవడానికి అడితిల్లో వాడే పాత లెక్క ఇక్కడా పనికొస్తుంది. దుంగ మధ్య చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, పొడవుతో మళ్లీ గుణిస్తారు. నాలుగడుగుల చుట్టుకొలత, ఎనిమిదడుగుల పొడవు ఉంటే 8 ఘనపుటడుగులు. దుంగ అసలు ఘనపరిమాణం 10 ఘనపుటడుగుల పైచిలుకు. తగ్గించి చూపిన ఆ ఐదో వంతు పక్క చెక్కలకూ బెరడుకూ పోయేదే. చైన్‌సా పొట్టు దీనికి అదనంగా తీసేయాలి.

ఇంజన్ ఎక్కడ దెబ్బతింటుంది

ఇవన్నీ రెండు స్ట్రోకుల ఇంజన్లు. లోపలి భాగాలకు నూనె విడిగా ఉండదు, పెట్రోలులో కలిపిన 2టీ ఆయిలే ఆధారం. లీటరుకు 20 మిల్లీలీటర్లు కలిపితే 50:1, 40 కలిపితే 25:1. చాలా చైనా యంత్రాల పుస్తకాల్లో 25:1 అని ఉంటుంది. కొత్త యంత్రానికి మొదటి కొన్ని ట్యాంకులు అలా నడపడం మంచిది. తర్వాత మంచి రకం నూనె వాడితే తగ్గించుకోవచ్చు.

క్లోన్ ఇంజన్లను చంపేది ఎక్కువగా గాలి లీకు. కార్బురేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉండే రబ్బరు గొట్టం, క్రాంకు సీళ్లు నాసిరకమైతే ఇంజన్‌లోకి అదనపు గాలి చేరుతుంది. మిశ్రమంలో పెట్రోలు వాటా తగ్గి, దానితోపాటు నూనె కూడా తగ్గి, వేడి పెరిగి పిస్టన్ పట్టేస్తుంది. ఐడిల్‌లో వేగం తనంతట తనే పెరిగి తగ్గుతుంటే ఈ లీకును అనుమానించాలి. నిలువు కోతకు దించే ముందు కార్బురేటర్ ‘హెచ్’ మరను కాస్త వదులు చేసి పెట్రోలు ఎక్కువ అందేలా చూడాలి. పూర్తి వేగంలో బరువు లేనప్పుడు చప్పుడు కొంచెం గరగరలాడి, కోతలోకి దిగగానే శుభ్రపడితే అమరిక సరిగ్గా ఉన్నట్టు. కోత అయిన వెంటనే ఇంజన్ ఆపేయకూడదు. అర నిమిషం ఐడిల్‌లో నడిస్తే ఫ్యాన్ గాలికి సిలిండర్ చల్లబడుతుంది. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే కొత్తగూడెం ప్రాంతంలో ఈ పని తెల్లవారుజామున చేసుకోవడమే తెలివి.

మన పెట్రోలు బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది గనుక అదే అమరికలో మిశ్రమం ఇంకొంచెం పలచబడుతుంది. పైగా అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, చవక రబ్బరు గొట్టాలను ఉబ్బిస్తుంది. వానాకాలమంతా పక్కన పెట్టే యంత్రంలో పెట్రోలు ఉంచడం కార్బురేటర్‌ను చేజేతులా పాడుచేసుకోవడమే. ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన చుక్కలు కాలిపోయేదాకా నడిపి ఆపాలి.

అనుభవజ్ఞులు క్లోన్ కొనగానే కొన్ని భాగాలు మార్చేస్తారు: పిస్టన్ రింగులు, పిస్టన్ పిన్నును పట్టి ఉంచే చిన్న క్లిప్పులు, పెట్రోలు గొట్టం, ఫిల్టరు, ప్లగ్గు, గొలుసు. వీటికయ్యే ఖర్చు కలిపినా అసలు యంత్రం ధర కంటే చాలా తక్కువే. బార్‌కు నూనె పోసే పంపు క్లోన్లలో మరో బలహీనత. పొడవాటి బార్ చివరకు నూనె చేరక గొలుసు నీలం రంగుకు తిరుగుతుంది. చట్రం చివర చిన్న సీసా కట్టి చుక్కలు చుక్కలుగా నూనె జారేలా చేస్తే ఇది తీరుతుంది. ఇంజన్ నుంచి తీసిన పాత నూనెను ఇందుకు వాడటం చాలాచోట్ల అలవాటు. అందులోని లోహపు పొడి బార్‌ను అరగదీస్తుంది, తుంపర మనిషి చర్మం మీద, ఊపిరిలో చేరుతుంది. ఈ అలవాటు మానాలి.

ఏ చెట్టు ఎలా కోతకొస్తుంది

వేప ఈ పనికి అన్నివిధాలా అనువైనది. మధ్యస్థమైన గట్టిదనం, చేవకు పురుగు తక్కువ. నల్లతుమ్మ గట్టిది, ఒకప్పుడు నాగళ్లకు, బండి చక్రాలకు వాడిన కలప. పచ్చిగా ఉన్నప్పుడే కోయాలి, ఎండితే గొలుసుకు పరీక్ష. చింత చేవ ఇంకా కఠినం. మాంసం కొట్టే మొద్దుగానో రోకలిగానో దాన్ని వాడటం అందుకే. టేకు కోయడానికి మెత్తగా అనిపించినా అందులో సిలికా ఉంటుంది, గొలుసు పదును త్వరగా పోతుంది. మామిడి సులువుగా తెగుతుంది గాని నాలుగు వారాలు పట్టించుకోకపోతే నీలి మచ్చ, పుచ్చు పట్టేస్తాయి. తాటి మొద్దుకు బయటి నల్ల పొరలోనే బలం, లోపలిదంతా మెత్తటి పీచు. దాన్ని చెక్కలుగా కోయడం దండగ. నాలుగు వైపులా నిలువునా చీల్చి వాసాలు తీసి ఇంటి కప్పుకు వాడటమే పాత పద్ధతి, చైన్‌సా ఆ పనిని పూటలో తేలుస్తుంది.

జామాయిల్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సారపాకలోని కాగితపు మిల్లు 1980ల చివర నుంచి ఎంపిక చేసిన జామాయిల్ చెట్ల కొమ్మల నుంచి మొక్కలు పెంచి రైతులకు ఇవ్వడంతో ఈ చెట్టు ఖమ్మం జిల్లా మెట్ట పొలాల నిండా వ్యాపించింది. నాలుగైదేళ్లకే కొట్టి టన్నుల లెక్కన గుజ్జుకు అమ్మే పంట ఇది. కొందరు రైతులు గట్టున కొన్ని చెట్లను పది పన్నెండేళ్లు వదిలేస్తారు, అవి దూలాల సైజుకు వస్తాయి. వేగంగా పెరిగిన జామాయిల్ మానులో బయటి పొరలు లాగుతూ, లోపలి పొరలు నొక్కుతూ ఉంటాయి. ఒక పక్క చెక్క తీయగానే ఆ బిగువు సడలి, మిగిలిన దుంగ విల్లులా వంగుతుంది, చివరలు పగులుతాయి. ఒక చెక్క ఒక పక్క నుంచి తీస్తే, రెండోది దుంగను తిప్పి ఎదుటి పక్క నుంచి తీయాలి. నడిమి భాగాన్ని నాలుగంగుళాల మందాన దూలంగా వదిలేయాలి. చెట్టు కొట్టిన రెండు మూడు రోజుల్లోపు ఈ పని పూర్తి చేస్తే పగుళ్లు చాలావరకు తప్పుతాయి.

అడవి అంచున చట్టం

ఈ ప్రాంతంలో కలప కోతను చట్టం నుంచి విడదీసి మాట్లాడలేం. కిన్నెరసాని అభయారణ్యం, దాని చుట్టూ రిజర్వు అడవులు, వాటి పక్కనే రైతుల పట్టా భూములు, పోడు భూములు. సొంత పొలంలో చెట్టు కొట్టడానికి కూడా 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద, అంటే వాల్టా కింద, అనుమతి తీసుకోవాలి. జామాయిల్, సుబాబుల్, సరివి వంటి తోట పంటలకు సడలింపులు ఉన్నాయి, టేకుకు లేవు. రిజర్వు అడవి కలప దొరికితే 1967 నాటి అటవీ చట్టం ప్రకారం కలపతోపాటు పనిముట్లను, వాహనాన్ని కూడా జప్తు చేయవచ్చు. చైన్‌సా ఆ పనిముట్లలో ఒకటి.

సామిల్లుల విషయం మరింత కఠినం. టి.ఎన్. గోదావర్మన్ తిరుముల్పాడ్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 12న అడవుల్లో అనుమతి లేని మిల్లులను ఆపేయమంది. 2002 అక్టోబర్‌లో లైసెన్సు లేని మిల్లులను ఎక్కడా నడవనీయవద్దని ఆదేశించింది. కలప ఆధారిత పరిశ్రమల మీద కేంద్రం 2016లో మార్గదర్శకాలు తెచ్చి, అనుమతుల పరిశీలనను రాష్ట్ర స్థాయి కమిటీలకు అప్పగించింది. రైతు తన గట్టు చెట్టును తన ఇంటికోసం కోసుకోవడం ఒకటి, ఊరి దుంగలన్నీ కూలికి కోసిపెట్టడం వేరొకటి. రెండోది మిల్లు నడపడంగా లెక్కకు రావచ్చు. మొదలుపెట్టే ముందే స్థానిక అటవీ రేంజి కార్యాలయంలో అడిగి, రాతపూర్వక జవాబు తీసుకోవడం ఎంతో క్షేమం.

భద్రాచలంలో రాష్ట్ర సరిహద్దు కూడా ఒక సమస్యే. 2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రలోకి వెళ్లింది. అక్కడి పొలంలో కోసిన చెక్క ఇక్కడి ఇంటికి రావాలంటే రాష్ట్రం దాటినట్టే, రవాణా పర్మిట్ కావలసిన కలపైతే అది చేతిలో ఉండాలి. 2023 డిసెంబర్‌లో దేశమంతటికీ ఒకే ఆన్‌లైన్ రవాణా పాస్ విధానం వచ్చాక ఈ కాగితం పని కొంత తేలికైంది. అటవీ హక్కుల చట్టం 2006 కింద పట్టా పొందిన కోయ, కొండరెడ్డి కుటుంబాలకు వెదురు వంటి చిన్నతరహా అటవీ ఫలసాయం మీద హక్కు ఉంది. కలప ఆ నిర్వచనంలోకి రాదు.

ఇతర దేశాలు ఈ యంత్రంతో మూడు దారులు తొక్కాయి. ఘనా 1998లో చైన్‌సాతో వ్యాపార కలప కోయడాన్ని నిషేధించింది. అయినా ఆ దేశపు ఊళ్లలో అమ్మే కలపలో అధిక భాగం చైన్‌సా కోతదే, ఎందుకంటే మిల్లులు ఎగుమతి మీద దృష్టి పెట్టాయి, ఇల్లు కట్టుకునేవాడికి చవక కలప ఇంకెక్కడా దొరకలేదు. ఫిలిప్పీన్స్ 2002లో ప్రత్యేక చట్టం తెచ్చి ప్రతి చైన్‌సాను నమోదు చేయించాలంది. గయానా అనుమతులిచ్చి చిన్న కోతదారులను చట్టం లోపలే ఉంచింది. మన అటవీ అంచు పల్లెలకు గయానా అనుభవం దగ్గరిది: రైతు తన పొలంలో పెంచిన చెట్టును సులువుగా, చట్టబద్ధంగా కోసుకోగలిగితే, అడవి టేకు మీద ఒత్తిడి తగ్గుతుంది.

మనిషి ఒళ్లు

చైన్‌సా చప్పుడు 100 డెసిబెల్స్ దాటుతుంది. చెవులకు మూత లేకుండా గంటల తరబడి నడిపితే వినికిడి తిరిగి రాదు. బార్ కొన పైభాగం దేనికైనా తగిలితే యంత్రం కన్నుమూసి తెరిచేలోగా వెనక్కి ఎగిరి తంతుంది. గొలుసు బ్రేకు ఉన్నది అందుకే. చేతులు తిమ్మిరెక్కి వేళ్లు తెల్లబడే జబ్బు ఐరోపా, జపాన్ అడవి కార్మికుల్లో విస్తారంగా కనిపించాకే కంపెనీలు 1960ల నుంచి అదురు తగ్గించే పిడులు పెట్టాయి. చవక క్లోన్లలో ఆ స్ప్రింగులు, రబ్బర్లు త్వరగా చిట్లుతాయి, వాటిని మార్చడం వాయిదా వేయకూడదు. నిలువు కోత పొట్టు పిండిలా సన్నగా ఉంటుంది. కలప ధూళిని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ముఖానికి తువ్వాలు చాలదు, మంచి మాస్కు, కళ్లద్దాలు, గట్టి బూట్లు కావాలి. యంత్రం మీద మిగిల్చిన డబ్బులో మొదటి వాటా వీటికే దక్కాలి.

కోసాక

పచ్చి చెక్క చేతికొచ్చినంత మాత్రాన పని తీరదు. చివరలకు పెయింటో మైనమో ఆ రోజే పూయాలి, లేకపోతే చివరలు ముందుగా ఆరి నెర్రెలిస్తాయి. నీడలో, నేలకు అడుగు ఎత్తున చదునైన దిమ్మెల మీద చెక్కలు పేర్చి, ప్రతి రెండు వరసల మధ్య అంగుళం మందపు అడ్డకర్రలు ఒకటిన్నర రెండడుగుల దూరంలో, పైనుంచి కిందికి ఒకే వరసలో వచ్చేలా పెట్టాలి. పైన బరువు ఉంచాలి. అంగుళం మందానికి ఏడాది అన్నది చాలా దేశాల వడ్రంగులు పాటించే లెక్క. మన ఎండకు అంతకన్నా ముందే ఆరుతుంది గాని తొందరపడి ఎండలో పెడితే చెక్క మెలి తిరుగుతుంది.

మామిడికి, సుబాబుల్‌కు, ఏ చెట్టుకైనా చేవ చుట్టూ ఉండే తెల్ల కలపకు పుచ్చు పురుగు త్వరగా పడుతుంది. కోసిన ఒకటి రెండు రోజుల్లో, చెక్క ఇంకా తడిగా ఉండగానే, బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపి కరిగించిన వేడి నీళ్లను అన్ని పక్కలా దట్టంగా పూసి, పాలిథీన్ కప్పి రెండు మూడు వారాలు ఉంచితే మందు తేమ వెంట లోపలికి పాకుతుంది. ఆరిన కలపకు ఈ మందు ఎక్కదు. వానకు తడిసే చోట వాడితే మందు కరిగి కారిపోతుంది గనుక ఇలా సిద్ధం చేసిన చెక్కను ఇంటి లోపలి పనికి, అంటే అటకలకు, బల్లలకు, మంచాలకు, వాడుకోవాలి. బయటి గుమ్మానికి వేప చేవనో, నల్లతుమ్మ చేవనో ఎంచుకోవాలి.